వెండి కనని కూనలు

గేటు తీసిన చప్పుడుకి ఒక్క కుక్కా మొరగలేదు.

డిటెక్టివ్‌కి మొదట తేడాగా తోచింది అదే. ఇన్ని పెద్దజాతి కుక్కలున్న చోట కొత్త మనిషి అడుగుపెడితే చెవులు చిల్లులు పడాలి. ఇక్కడ మాత్రం ఇనప కంచెల వెనక అన్నీ బొమ్మల్లా కూర్చున్నాయి. ఒక్కటీ ఆమె వైపు తల తిప్పలేదు. చెవులు నిక్కించుకుని అన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. పెరటి చివర ఉన్న దాణా కొట్టు వైపు. మబ్బు పట్టిన మధ్యాహ్నం కావడంతో కొట్టు గోడ మీద వెలుగూ లేదు, నీడా లేదు. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు. అయినా చూస్తూనే ఉన్నాయి.

"ఎప్పుడూ ఇంతేనా ఇవి?" అని గొంతు తగ్గించి అడిగింది.

"అబ్బే, ఇదివరకు నేనొస్తే గోలగోల చేసేవి," అన్నాడు పక్కనున్న పశువుల డాక్టరు, తోలు సంచి భుజానికి తగిలించుకుని కళ్లజోడు తుడుచుకుంటూ. "ఆ అమ్మాయి పోయిన దగ్గర్నుంచి వీటికీ ఏదో అయింది."

ఆ అమ్మాయి అంటే ఈ కెన్నెల్ యజమాని చెల్లెలు. డాక్టరు దగ్గరే పని నేర్చుకుని, ఆయన ఆస్పత్రిలోనే సహాయకురాలిగా చేరింది. పోయిన ఏడాది కుక్కల విషయంలో అన్నతో గట్టిగా గొడవపడి, తన నల్ల కుక్క మసిని వెంటబెట్టుకుని కారులో వెళ్లిపోయిందని అన్న చెప్పాడు. ఆ సాయంత్రం ఆమె కారు, వెనక సీట్లో నల్ల కుక్క వెళ్లడం చూశానని పెట్రోలు బంకు పనివాడు చెప్పాడు. ఆ తర్వాత ఆమెను చూసినవాళ్లు లేరు. ఇన్‌స్పెక్టర్ కేసు మూసేశాడు.

నిన్న డాక్టరే డిటెక్టివ్‌ని వెతుక్కుంటూ వచ్చాడు. "నా చేతుల్లో పెరిగిన పిల్లమ్మా. కూతురు లాంటిది. ఇక్కడ కుక్కల్ని చూసుకునే ఆవిడ పోయిన వారం నాకు ఫోన్ చేసింది, ఒక కూన లేవలేకపోతోందని. వచ్చి చూశాను. చూసిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు," అన్నాడు. ఏం చూశాడో మాత్రం చెప్పలేదు. నీ కళ్లతో నువ్వే చూడు అన్నాడు.

ఇప్పుడు చూస్తోంది.

కుక్కల్ని చూసుకునే ఆవిడని అక్కడ అందరూ అక్కా అనే పిలుస్తారు. లావుపాటి మనిషి, పెదవి విప్పితే ఏం ముంచుకొస్తుందో అన్నట్టు మూతి బిగించుకుని ఉంది. పాకలో వెండి అనే తెల్లటి ఆడకుక్క పడుకుని ఉంది. దాని పొట్ట దగ్గర నెలన్నర వయసున్న కూనలు పాలు తాగుతున్నాయి. అందులో రెండు చక్కగా, పొడుగ్గా, బొద్దుగా ఉన్నాయి. మూడోది నల్లది. అక్క దాన్నెత్తి డిటెక్టివ్ ఒళ్లో పెట్టింది.

తల బాగుంది. ఛాతీ బాగుంది. వెనక కాళ్లు పర్వాలేదు. ముందు కాళ్లే, ఏదో వేరే చిన్న కుక్కవి తెచ్చి దీనికి అతికించినట్టున్నాయి. పొట్టిగా, విల్లులా వంగి, మణికట్టు దగ్గర ముడి వేసినట్టు ఉబ్బి, పాదాలు రెండూ పక్కకి తిరిగిపోయి ఉన్నాయి. ఎముక మీద ఆమె వేలు మెత్తగా నొక్కితే కూన ఏడవలేదు. మొహం ఎత్తి ఆమెను చూసింది. నేల మీద దించగానే ఆ వంకర కాళ్ల మీదే ఈడ్చుకుంటూ బయల్దేరింది. పాలిస్తున్న వెండి దగ్గరికి కాదు. వాకిలి దాటి, దాణా కొట్టు వైపు.

డిటెక్టివ్ లేచి దాని వెనకే రెండడుగులు వేసింది.

"దాన్ని ముట్టుకోమని మీకెవరు చెప్పారు?"

వెనక నిలబడ్డది యజమాని. గడ్డం మాసిపోయి ఉంది, నిద్రలేని కళ్లు. డాక్టరు మీద చూపు పడగానే అతని దవడ బిగుసుకుంది.

"మీ చెల్లెలి గురించి నాలుగు మాటలు అడిగి వెళ్దామని వచ్చాను," అంది డిటెక్టివ్, కూనని మళ్లీ చేతుల్లోకి తీసుకుంటూ. "ముందు దీని గురించి చెప్పండి. ఏమైంది దీనికి?"

"కాల్షియం తక్కువ. మందు వేస్తున్నాం."

"మిగతా రెండూ ఇదే పాలు తాగాయి కదా. వాటికేం కాలేదే?"

"ఒక్కోదాని ఒళ్లు ఒక్కో తీరు."

"తల్లెవరు?"

"కనబడట్లేదా? వెండి. పాలిస్తోందిగా."

"తండ్రి?"

ఒక్క క్షణం తడబడ్డాడు. "బయటి కుక్క. కంచె దూకి వచ్చింది."

డిటెక్టివ్ కంచె వైపు చూసింది. మనిషి ఎత్తుకి మరో సగం ఉంది. పైన ముళ్లతీగ. ఆ కంచె దూకే కుక్కకి రెక్కలుండాలి. అబద్ధం ఒకటి దొరికిందనుకుంది మనసులో. ఇంత పేరున్న కెన్నెల్లో, ఎవరి రక్తం ఎవరిదో ఏడు తరాలు నోటికి చెప్పే మనిషి, తండ్రి ఎవరో తెలియదనడం రెండో వింత.

"డాక్టరుగారూ, మీరు చెప్పండి," అంది.

డాక్టరు వంగి కూన ముందు కాలిని రెండు వేళ్లతో, పసిబిడ్డ చేతిని పట్టుకున్నంత సుతారంగా పట్టుకున్నాడు. "ఎముక చివర్లో ఒక పల్చని పొర ఉంటుందమ్మా. ఎముక పొడుగు పెరగడం అక్కడే జరుగుతుంది. కొన్ని వంశాల్లో ఆ పొర పుట్టుకతోనే సరిగ్గా పనిచెయ్యదు. తిండి వల్ల వచ్చేది కాదు, మందుతో పోయేది కాదు. తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు, రెండూ కలిస్తేనే బయటపడుతుంది. ఒక్క పాలే ఉన్న కుక్క నిక్షేపంగా ఉంటుంది. చూసి ఎవరూ పట్టుకోలేరు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది."

"వెండికి పరీక్ష చేశారా?"

"ఇక్కడున్న ప్రతి కుక్కకీ నేనే చేశాను. వెండిలో ఆ జబ్బు జాడే లేదు. వెండి ఎన్ని ఈతలు ఈనినా ఇలాంటి కూనని కనలేదు." ఆయన కూన కాలిని మెల్లగా వదిలాడు. "ఈ కెన్నెల్లో జబ్బుని మోసే ఆడకుక్క ఒక్కటే ఉండేది. మసి."

యజమాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడే గేటు దగ్గర జీపు ఆగింది. దిగినవాడు ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు డిటెక్టివ్‌తో పాటే పోలీసు శాఖలో పనిచేసినవాడు. ఆమె ఉద్యోగం మానేసి సొంతంగా బోర్డు పెట్టుకున్న దగ్గర్నుంచి, ఎదురుపడ్డప్పుడల్లా ఆమెను మేడమ్ అని పిలుస్తాడు. ఆ పిలుపులో గౌరవం మచ్చుకైనా ఉండదు.

"మేడమ్‌గారు నా పాత కేసుల బూజు దులుపుతున్నారని తెలిసింది," అంటూ వచ్చాడు. డాక్టరుని చూసి ఆగిపోయాడు. "బావగారూ! మీరేంటి ఇక్కడ?"

డాక్టరు భార్య ఇన్‌స్పెక్టర్‌కి సొంత అక్క. "నేనే పిలిచానయ్యా ఈవిడని," అన్నాడు డాక్టరు. "కోప్పడకు. మనసు ఊరుకోలేదు."

"మీ మనసు మెత్తన కాబట్టి అందరూ వాడుకుంటారు బావగారూ." ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ వైపు తిరిగాడు. "ఆ అమ్మాయి చిన్నపిల్ల కాదు. తన కారు, తన కుక్క, తన ఇష్టం. అన్నతో పడలేదు, పోయింది. చూసిన సాక్షి ఉన్నాడు. ఇందులో మీకేం పని?"

"సాక్షి ఏ కుక్కని చూశాడు?"

"మసిని."

"మసినా? నల్ల కుక్కనా?"

"రెండూ ఒకటేగా!"

"కాదు. అతను చూసింది దూరం నుంచి, పొద్దుగూకే వేళ, కారు అద్దంలోంచి. మసిని అతను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. నల్లగా ఉంది కాబట్టి మసి అని మీరు రాసుకున్నారు." కూనని ఎత్తి అతని మొహం ముందు పెట్టింది. "దీని కాళ్లు చూడండి."

"అయ్యో పాపం. అయితే?"

"దీని తల్లి మసి. వేరే ఏ కుక్కా అయ్యే వీల్లేదు. మీ బావగారే చెప్పారు. దీని వయసు నెలన్నర. అంతకుముందు రెండు నెలలు కడుపులో ఉంది. పోయిన ఏడాది కారెక్కి వెళ్లిపోయిన కుక్క ఇక్కడికొచ్చి ఎలా ఈనింది?"

ఇన్‌స్పెక్టర్ నవ్వబోయాడు. "ఇప్పుడు కుక్కల జాతకాలు కూడా చెబుతున్నారన్నమాట."

"జాతకాలైతే మార్చి చెప్పొచ్చు. ఎముకలు మారవు. మసి ఇక్కడే ఉంది. అసలు ఇక్కణ్నుంచి వెళ్లనేలేదు. తన ప్రాణంలా చూసుకునే కుక్కని వదిలి ఆ అమ్మాయి ఎలా వెళ్తుంది? ఆ కారులో వెళ్లింది ఇంకెవరో, ఇంకేదో నల్ల కుక్క. చూసినవాళ్లు చూసి చెప్పాలని ఆడిన నాటకం అది." డిటెక్టివ్ యజమాని వైపు తిరిగింది. "మీ చెల్లెలు ఈ గేటు దాటలేదు. అవునా, కాదా?"

ఆ మాటతో ఇన్‌స్పెక్టర్ మొహంలో వెటకారం పోయింది. ఎంత పొగరున్నా మంచి పోలీసే అతను. తను మూసిన కేసు తన కళ్ల ముందే తెరుచుకుంటుంటే చెంపదెబ్బ తిన్నవాడిలా ఎర్రబడ్డాడు.

"మసి ఎక్కడ?" అని యజమానిని గద్దించాడు.

యజమాని చూపు ఇన్‌స్పెక్టర్ మీద నిలవలేదు. డిటెక్టివ్ మీదా నిలవలేదు. తిరిగి తిరిగి డాక్టరు మొహం మీదికే పోతోంది.

"స్టేషన్లో చెబుతాను," అన్నాడు చివరికి. "ఇక్కడ కాదు."

"నేను చచ్చినా చెప్పను బాబూ!" అని అక్క ఒక్కసారిగా భోరుమంది. "నేనే ఫోన్ చేశాను, నాదే బుద్ధి తక్కువ. కూన ఏడుస్తుంటే చూడలేక చేశాను. అంతకుమించి నన్నేం అడక్కండి."

"ఇద్దరూ ఎక్కండి జీపు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. డిటెక్టివ్‌తో మాట్లాడుతూ ఆమె మొహం వైపు చూడలేదు. "మా వాళ్లని పంపిస్తాను, ఈ పెరడంతా తవ్వాలి. ఈలోపల దేన్నీ ముట్టుకోకండి."

జీపెక్కుతూ యజమాని వెనక్కి తిరిగాడు. డిటెక్టివ్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మీరూ మాతో రండి. ఇక్కడుండకండి. చెప్పేది వినండి, ఒక్క నిమిషం కూడా ఉండకండి."

"బెదిరిస్తున్నారా?"

అతను ఏదో అనబోయాడు. జీపు నడిపే కానిస్టేబుల్ అతన్ని లోపలికి తోసి తలుపు వేశాడు. జీపు దుమ్ము రేపుకుంటూ పోయింది.

"వాడి మాటలకేం గాని," అన్నాడు డాక్టరు నిట్టూరుస్తూ. "మసి దొరికితే అమ్మాయి సంగతీ తేలుతుంది కదమ్మా? పోలీసులొచ్చి తవ్వకాలు మొదలెడితే ఈ మూగజీవాలు బెదిరిపోతాయి. మనమే ఒకసారి చూద్దామా?"

ఆమె మనసులో ఉన్నదీ అదే. చాలాకాలానికి గెలిచింది ఈరోజు. ఆ గెలుపు ఆమెను ఆగనివ్వలేదు.

దాణా కొట్టు చుట్టూ ఒకసారి నడిచింది. బయట గోడకి పైన వెంటిలేటర్లు మూడున్నాయి. తలుపు తోసుకుని లోపలికెళ్లింది. దాణా బస్తాల వాసన, మాడిన ఎముకల పొడి వాసన. లోపల తల ఎత్తి చూస్తే వెంటిలేటర్లు రెండే. మూడోది ఎదురుగోడకి అవతల ఉండాలి. అంటే అది గోడ కాదు, మధ్యలో కట్టిన అడ్డు. దాని ముందు కప్పు దాకా బస్తాలు పేర్చి ఉన్నాయి. మిగతా బస్తాల మీద దుమ్ము పేరుకుని ఉంది. చివరి వరస మీద లేదు. రోజూ చేతులు పడుతున్నట్టు నున్నగా ఉంది.

ఆ వరసకి చెవి ఆనించింది. మొదట తన గుండె చప్పుడే వినిపించింది. ఆ తర్వాత దానితో కలవకుండా, వేరే లయలో, ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

బస్తాలు పక్కకి లాగింది. వెనక నడుం ఎత్తు తలుపు ఒకటి ఉంది, గడియ పడలేదు.

"మీరు ముందు వెళ్లండమ్మా," అన్నాడు డాక్టరు. "నా మోకాళ్లకి వంగడం కష్టం. నేనిక్కడే ఉంటాను."

డిటెక్టివ్ వంగి, పాకుతూ లోపలికి పోయింది. తలుపు తనంతట తానే వెనక దగ్గరగా పడింది. మూడో వెంటిలేటర్ నుంచి బూడిదరంగు వెలుతురు సన్నగా దిగుతోంది. ఆ వెలుతుర్లో ముందు రెండు కళ్లు మెరిశాయి. నల్లగా, పెద్దగా, అలికిడి లేకుండా లేచి నిలబడింది మసి. భుజం మీద వెంట్రుకలు మొలవని పెద్ద మచ్చ. దాని పొదుగు పాలు ఇంకి వేలాడుతోంది. అరవలేదు. అరవకూడదని నేర్పినట్టు పెదవులు మాత్రం పైకి లాగి పళ్లు చూపించింది.

"వద్దు మసీ," అందొక గొంతు.

గోడకి ఆనుకుని, చంకలో కర్ర పెట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఎండ చూసి ఏడాదైన మొహం, పాలిపోయి, గోడలో కలిసిపోయినట్టుంది. పోలీసు ఫైల్లో ఫొటో చూసింది కాబట్టి డిటెక్టివ్ వెంటనే గుర్తుపట్టింది. శవం కోసం వచ్చిన మనిషికి ప్రాణమున్న మనిషి ఎదురైతే సంతోషించాలి. ఆమెకు ఎందుకో భయమేసింది.

"భయపడకండి. మిమ్మల్ని బయటికి తీసుకెళ్లడానికే వచ్చాను. మీ అన్నయ్య మిమ్మల్ని ఇక్కడ బంధించి..."

"బంధించలేదు. దాచాడు," అంది చెల్లెలు గుసగుసగా. "అన్నయ్యేడి?"

"ఇన్‌స్పెక్టర్ తీసుకెళ్లాడు."

"అక్క?"

"ఆవిడ కూడా."

చెల్లెలు కర్ర ఆనించి ఒక అడుగు ముందుకి వేసింది. "నేనిక్కడున్నానని మీకెలా తెలిసింది?"

"కూన కాళ్లు చూసి. వెండిలో ఆ జబ్బు లేదు కాబట్టి తల్లి మసే అయ్యుండాలని డాక్టరుగారు చెప్పారు."

"తల్లి గురించి చెప్పాడు సరే. తండ్రి గురించి చెప్పాడా?"

బయటి కుక్క అన్న అబద్ధం దగ్గర డిటెక్టివ్ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. తల్లి దొరికిందన్న ఊపులో పరుగెత్తింది.

"తండ్రి దొర," అంది చెల్లెలు. "మా కెన్నెల్‌కి పేరు తెచ్చిన మగకుక్క. దొరలో ఏ జబ్బూ లేదని ఊరూరా చెప్పింది ఆయనే. ఆయన మాట నమ్మి దొర పిల్లల్ని ఎక్కడెక్కడికో తీసుకెళ్లారు. వాటి పిల్లలు ఇలాగే కుంటుతూ పుడుతున్నాయి. ఆస్పత్రిలో పాత ఎక్స్‌రేలు చూశాను, ఆయనకి మొదట్నుంచీ తెలుసు. తెలిసీ దాచాడు. డాక్టరుగారు చూశారంటే చాలు, ఎవరూ రెండో మాట అడగరు. ఆ పేరు పోతుందని భయం. బయటపెడతానన్నాను. ముందు అన్నయ్య కూడా నమ్మలేదు, గొడవైంది, కోపంగా బయల్దేరాను. నీళ్లు నిండిన పాత క్వారీ గుంట మలుపులో డాక్టరుగారే వెనకనుంచి కారుతో గుద్దాడు."

"ఆ కారులో నిజంగా మీరేనా? మసి కూడా?"

"ఇద్దరం నీళ్లలో పడ్డాం. వెనక అద్దం పగిలింది కాబట్టి మసి ఈదింది. దాని మెడపట్టీ పట్టుకుని నేను. రెల్లు చాటు నుంచి చూశాను. ఆయన గట్టు మీద నిలబడి, కళ్లజోడు తుడుచుకుని, కారు పూర్తిగా మునిగేదాకా చూసి వెళ్లాడు." ఆమె మసి మెడ మీద చెయ్యి వేసింది. "గాయపడ్డ కాలితో ఆ రాత్రే అన్నయ్య దగ్గరికి తిరిగొచ్చాను. ఎవరికి చెప్పాలి? ఇన్‌స్పెక్టర్‌కి ఆయన బావగారు. ఎక్స్‌రేలన్నీ కాల్చేసి ఉంటాడు. అందుకే మసిని దొరతో కట్టించాం. మసి మోస్తుందని అందరికీ తెలుసు. వంకరకాళ్ల కూన ఒక్కటి పుడితే చాలు, దొర కూడా మోస్తున్నట్టే. వచ్చే వారం దాన్ని వేరే ఊరి డాక్టరుకి చూపిద్దామనుకున్నాం. ఈలోగా అక్క ఫోన్ చేసింది."

డిటెక్టివ్‌కి అంతా ఒక్కసారిగా అర్థమైంది. మసి నీళ్లలో చచ్చిపోయిందని నమ్మిన మనిషి లోకంలో ఒక్కడే. ఆ మసికి పుట్టిన కూనని చూశాడు. కుక్క బతికితే మనిషీ బతికే ఉండొచ్చని అనుకున్నాడు. వెతకడానికి తనకి దారి లేదు. అందుకని వాసన పట్టే మనిషిని తెచ్చుకున్నాడు. అడ్డుగా ఉన్న అన్నని, అక్కని, పోలీసుని ఆమె చేతే ఇక్కణ్నుంచి పంపించేశాడు.

"మీతో ఎవరొచ్చారు?" అని చెల్లెలు అడుగుతోంది. "చెప్పండి. బయట ఎవరున్నారు?"

అవతల్నుంచి మెత్తటి గొంతు పలికింది.

"ఏమమ్మా? దొరికిందా?"

డిటెక్టివ్ చెల్లెలి నోటి మీద చెయ్యి పెట్టింది. గొంతు కూడదీసుకుని, మామూలుగా, కాస్త విసుగ్గా పలికింది. "కుక్క ఒక్కటే ఉంది డాక్టరుగారూ. ఇంకెవరూ లేరు. మీరక్కడే ఉండండి, వచ్చేస్తున్నాను."

బయట తోలు సంచి కొక్కెం టిక్కుమని ఊడింది. గాజు మీద లోహం తగిలిన చిన్న శబ్దం, మందు సీసాకి సూది తగిలినట్టు.

"అలాగా," అన్నాడు డాక్టరు. "మరి ఇంతసేపూ ఎవరితో మాట్లాడుతున్నారమ్మా?"

నడుం ఎత్తు తలుపు కిర్రుమంది. వంగలేనన్న మోకాళ్లు నేల మీద మెల్లగా, తీరిగ్గా ఆనాయి. మసి వెన్ను మీద వెంట్రుకలన్నీ లేచాయి. తలుపు మళ్లీ మూసుకుంది. గడియ పడింది. అది బయటి గడియ కాదు, లోపలిది.